ఎదగడమంటే ఇల్లు విడిచిపోవడమేనా?

మా వీధి మస్జిద్ పక్క గదిలో పదో తరగతి, ఇంటర్మీడియట్ పిల్లలకు సాయంత్రం పూట పాఠాలు చెప్పే ఏర్పాటు కొన్నేళ్లుగా నడుస్తోంది. పోయిన వేసవిలో పరీక్షలు ముగిశాక ఆడపిల్లలు ఒక మంచి సినిమా చూపించమని అడిగారు. మా ఇంట్లోనే టీవీ ముందు కూర్చోబెట్టి 2017లో వచ్చిన హిందీ చిత్రం ‘సీక్రెట్ సూపర్‌స్టార్’ చూపించాం. పిల్లలు నవ్వారు, ఏడ్చారు. మరునాడు వారిలో ఒక అమ్మాయి నన్ను అడిగింది: “సినిమా బాగుంది దాదా. ఆ పిల్ల అబ్బాలాంటి వాళ్లు మా బంధువుల్లోనూ ఉన్నారు. కానీ మా అబ్బా ఆటో తోలి నా ఫీజు కడుతున్నాడు. పరీక్ష రోజున నాకంటే ముందు లేచి దువా చేస్తాడు. ఆయన ఏ సినిమాలో ఉన్నాడు?”

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా దస్త్రాలు తిరగేసినవాణ్ణి. ప్రశ్న వస్తే రికార్డు వెతకడం నాకు అలవాటు. అలాగే వెతికాను. ఆ అమ్మాయికి ఇవ్వవలసిన జవాబునే ఇక్కడ పాఠకుల ముందు పెడుతున్నాను.

తెర నేర్పే పాఠం

బాల్యం దాటి యౌవనంలోకి అడుగుపెట్టే పిల్లల కథలు తెలుగు సినిమాకు కొత్తవి కావు. 2000లో ‘చిత్రం’, 2006లో ‘బొమ్మరిల్లు’, 2007లో ‘హ్యాపీ డేస్’, 2008లో ‘కొత్త బంగారు లోకం’, 2020లో ‘కలర్ ఫోటో’, 2024లో ‘35 - చిన్న కథ కాదు’ వచ్చాయి. వీటిలో మన పిల్లలు చూడనివి తక్కువ. పాఠ్యపుస్తకం చెప్పని సంగతులను పిల్లలు ఇలాంటి సినిమాల నుంచే నేర్చుకుంటారు. తండ్రికి ఎదురు చెప్పడం ఎప్పుడు తప్పో, ఎప్పుడు అవసరమో, స్నేహమంటే ఏమిటో, ఓడిపోతే ఎవరి ఒడిలో తలపెట్టుకోవాలో తెర వారికి చూపిస్తుంది.

‘బొమ్మరిల్లు’లో కొడుకు తరఫున ప్రతి నిర్ణయమూ తండ్రే తీసుకుంటాడు. చివరికి కొడుకు నోరు విప్పుతాడు, తండ్రి తన తప్పు తెలుసుకుంటాడు. ఇల్లు కూలిపోదు, సరిదిద్దుకుంటుంది. ‘35’లో తిరుపతి కుర్రవాడికి లెక్కల్లో సున్నా విలువ మీదే సందేహం. వాడు పరీక్ష తప్పితే, స్వయంగా పదో తరగతి తప్పిన తల్లి మళ్లీ పుస్తకం పట్టి వాడికి నేర్పుతుంది. ఈ రెండు కథల్లోనూ జబ్బూ ఇంట్లోనే ఉంది, మందూ ఇంట్లోనే ఉంది. ఆ ఇళ్లలోని పూజగది, పండుగ, నియమనిష్ఠలు ఊపిరి పీల్చినంత సహజంగా కథలో కలిసిపోతాయి. పిల్లవాడు ఎదగాలంటే వాటిని వదిలించుకోవాలని ఏ దర్శకుడూ చెప్పలేదు.

ఇందులో నాకు ఆక్షేపణ లేదు, పైగా సంతోషం. నీ ఇంట్లో ఉండి కూడా నీవు ఎదగవచ్చునని తన పిల్లలకు చెప్పుకోవడం ఏ సమాజానికైనా హక్కు. తెర మీద ఆ హక్కు మా పిల్లలకు ఎందుకు దక్కలేదన్నదే నా అభియోగం.

2007: ఒక చట్టం, ఒక సినిమా

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన 14 ముస్లిం శ్రేణులకు బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ కల్పిస్తూ చట్టం చేసింది. అత్తరు సాయిబులు, ఖురేషీలు, రాతిపని చేసే తురక కాశలు, షేక్‌లు, ఇంకా ఎందరో దాని పరిధిలోకి వచ్చారు. అంతకు ముందు ఏడాదే, 2006 నవంబరులో, సచార్ కమిటీ తన నివేదిక ఇచ్చింది. దేశంలో 6 నుంచి 14 ఏళ్ల లోపు ముస్లిం పిల్లల్లో నూటికి 25 మంది బడి ముఖమే చూడలేదనో, మధ్యలో మానేశారనో అది తేల్చింది. ఆ చీకటిలో 4 శాతం ఒక కిటికీ తెరిచింది.

ఆ రోజుల్లో ధ్రువపత్రాల కోసం మా కార్యాలయం ముందు బారులు తీరిన తండ్రులను నేను కళ్లారా చూశాను. మాంసం కొట్టు నుంచి నేరుగా వచ్చినవారు, మెడలో టేపు తీయడం మరచిపోయి వచ్చిన దర్జీలు, చేతులకు గ్రీజు మరకలతో మెకానిక్కులు. దరఖాస్తు రాయడం రానివారికి నేనే రాసిపెట్టాను. “మా వంశంలో ఇంజనీరింగ్‌కి పోయే మొదటి పిల్ల సార్” అని ఒకాయన చెప్పిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది. ఆ చట్టం న్యాయస్థానాల్లో చిక్కుకున్నా మధ్యంతర ఉత్తర్వుల ఆసరాతో అమలవుతూ వచ్చింది, వేలాది ఇళ్లలో మొదటి పట్టభద్రులను తయారు చేసింది.

సరిగ్గా అదే ఏడాది అక్టోబరులో ఇంజనీరింగ్ కాలేజీ జీవితం మీద ‘హ్యాపీ డేస్’ విడుదలైంది. ఒక తరం తెలుగు యువతకు కాలేజీ అంటే ఏమిటో ఆ సినిమాయే నిర్వచించిందంటే అతిశయోక్తి కాదు. అందులో ప్రధానంగా ఎనిమిది మంది విద్యార్థులు. ఒక్కరూ ముస్లిం కారు. దర్శకుడు శేఖర్ కమ్ముల ద్వేషం నూరిపోసే మనిషి కాదు, ఆయన సినిమాల్లో సభ్యత ఉంటుంది. నన్ను బాధించేది కూడా అదే. చెడ్డవాడు మనల్ని తిడితే ప్రత్యుత్తరం ఇవ్వవచ్చు. మంచివాడికి మనం గుర్తే రాకపోతే ఎవరితో తగువు పెట్టుకోవాలి? నిజమైన కాలేజీలోకి మా పిల్ల చట్టం సాయంతో అడుగుపెట్టింది. తెర మీది కాలేజీలో ఆమెకు కూర్చునే బల్ల దొరకలేదు. ఆ తర్వాత వచ్చిన కాలేజీ కథలన్నీ ఇంచుమించు ఆ బాటలోనే నడిచాయి.

ఇతరుల ఎదుగుదలలో ఒక మజిలీ

మా వాళ్లు తెలుగు తెర మీద అసలే లేరా అంటే, ఉన్నారు. కథానాయకుడి కోసమో దేశం కోసమో ప్రాణం ఇచ్చే స్నేహితుడిగా ఉన్నారు. లేదా బాంబు పెట్టేవాడిగా ఉన్నారు. మొదటివాడు చనిపోయి తన మంచితనం నిరూపించుకుంటాడు, రెండవవాడు చంపి తన చెడ్డతనం నిరూపించుకుంటాడు. ఈ ఇద్దరికీ బాల్యం ఉండదు. పదో తరగతిలో ఏ సబ్జెక్టు కష్టంగా ఉండేదో, ఈద్‌కు కొత్త చొక్కా కుట్టించమని ఎవరి దగ్గర మారాం చేశారో మనకు ఎవరూ చెప్పరు. ‘అంగ్రేజ్’ వంటి హైదరాబాదీ దక్కనీ చిత్రాలు పాతబస్తీ కుర్రవాళ్లను నవ్వుల కోసం చూపించాయి. మనమూ నవ్వుకున్నాం. ఆ కుర్రవాళ్లు ఎందుకు పని లేకుండా హోటల్ ముందు కూర్చున్నారన్న ప్రశ్న మాత్రం ఆ నవ్వుల్లో కొట్టుకుపోయింది.

వీటన్నిటికంటే ఎంతో మెరుగైన సినిమాను ఒకదాన్ని తీసుకుంటాను. 2018లో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’. విశాఖపట్నంలోని ఆ పేటలో, అక్కడి మామూలు మనుషులనే నటులుగా పెట్టి వెంకటేష్ మహా తీసిన నిజాయితీ గల చిత్రమది. అందులో సలీమా అనే ముస్లిం స్త్రీ ఉంది. బతుకుతెరువు కోసం ఒళ్లు అమ్ముకుంటుంది. నఖాబ్ చాటున కళ్లు మాత్రమే చూసి ఒక యువకుడు ఆమెను ప్రేమిస్తాడు. పెళ్లికి సిద్ధమయ్యాక ఆమె హత్యకు గురవుతుంది. చివరికి తెలిసేదేమిటంటే, వేర్వేరు కథలనుకున్నవన్నీ ఒకే మనిషి జీవితంలోని దశలని.

దర్శకుడు సలీమాను కించపరచలేదు, ఆమె మీద కరుణ చూపాడు. అయినా లెక్క చూడండి. ఆమె మరొకరి ఎదుగుదలలో ఒక మజిలీ. ఆమె తన సొంత కథలో చిన్నపిల్లగా ఎప్పుడూ కనిపించదు. మంచి మనసుతో తీసిన సినిమాలో కూడా మాకు దక్కింది ఒక వేశ్య, ఒక శవం. పుట్టింటి నుంచి బడికి వెళ్లిన సలీమా కథను ఎవరు తీస్తారు?

ఒక కఠినుడైన తండ్రి, ఇద్దరు ప్రేక్షకులు

ఇప్పుడు ‘సీక్రెట్ సూపర్‌స్టార్’ దగ్గరికి వద్దాం. వడోదరలో పదిహేనేళ్ల ఇన్సియాకు పాటంటే ప్రాణం. తండ్రి ఫారూఖ్ క్రూరుడు, భార్యను కొడతాడు. తల్లి నజ్మా నగ అమ్మి కూతురికి లాప్‌టాప్ కొనిపెడుతుంది. తండ్రికి తెలియకుండా ఆ పిల్ల బురఖాలో ముఖం దాచుకుని పాడుతూ యూట్యూబ్‌లో పేరు తెచ్చుకుంటుంది. చివర వేదిక మీద బురఖా తీసేస్తుంది, ప్రేక్షకులు చప్పట్లు కొడతారు.

నజ్మా అబద్ధం అని నేను అనను. అలాంటి తల్లులు మన మొహల్లాల్లో ఉన్నారు. అలాంటి భర్తలూ ఉన్నారు. రాజీ చేయమని నా దగ్గరికి వచ్చిన కుటుంబాలలో ఆ దెబ్బల మరకలు నేను చూశాను. అది దాచిపెట్టి సమాజ గౌరవం కాపాడుకోవాలనుకునేవారితో నాకు పొత్తు లేదు.

నా తగవు మరొకచోట ఉంది. 2010లో ‘ఉడాన్’ అనే హిందీ చిత్రం వచ్చింది. జంషెడ్‌పూర్‌లో పదిహేడేళ్ల రోహన్‌ను తండ్రి భైరవ్ సింగ్ కొడతాడు, అవమానిస్తాడు, అతని కవిత్వాన్ని తొక్కేస్తాడు. చివరికి రోహన్ తమ్ముడి చేయి పట్టుకుని ఇల్లు విడిచిపోతాడు. ఆ సినిమా చూసి హిందూ తండ్రులంతా ఇంతే అని ఎవరైనా అన్నారా? అనరు, అనకూడదు కూడా. ఎందుకంటే భైరవ్ సింగ్ పక్కన నిలబెట్టడానికి ప్రేక్షకుడి జ్ఞాపకంలో వంద మంది మంచి తండ్రులు ఉన్నారు. ఫారూఖ్ పక్కన ఎవరున్నారు? ఆ వంద మందిలో ఒక్కడైనా ఉంటే ఫారూఖ్ ఒక చెడ్డ మనిషిగా మిగిలిపోయేవాడు. ఎవరూ లేరు కనుక అతడే మా అందరి తండ్రి అయ్యాడు. ఆటో తోలే అబ్బా గురించి ఆ అమ్మాయి అడిగింది ఇదే.

2017లోనే విడుదలైన ‘లిప్‌స్టిక్ అండర్ మై బురఖా’లో భోపాల్ కాలేజీ పిల్ల రెహానా కూడా బురఖా కింద మరో బతుకు దాచుకుంటుంది. ఆమె తల్లిదండ్రులు బురఖాలు కుట్టి అమ్మేవాళ్లే. దీంతో సూత్రం స్థిరపడింది. ముస్లిం పిల్ల ఎదిగిందనడానికి తెర మీద గుర్తు ఒక్కటే, ముసుగు తొలగడం.

గేటు దగ్గర నిలబడిన పిల్లలు

తెర మీద ముసుగు తీసిన పిల్లకు చప్పట్లు కొట్టిన దేశంలోనే 2022 మొదట్లో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. కర్ణాటకలోని ఉడుపిలో హిజాబ్ వేసుకున్న విద్యార్థినులను తరగతి గదిలోకి రానివ్వలేదు. తలగుడ్డ తీస్తే చదువు, లేకుంటే గేటు బయట. మార్చి 15న కర్ణాటక హైకోర్టు నిషేధాన్ని సమర్థించింది. అక్టోబరు 13న సుప్రీం కోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరొక తీర్పు ఇచ్చారు. ఈ మధ్యలో పరీక్షలు జరిగిపోయాయి. విశ్వాసానికీ చదువుకూ మధ్య ఒకదాన్ని ఎంచుకోమని పదహారు, పదిహేడేళ్ల పిల్లలను ఒక వ్యవస్థ మొత్తం నిలదీసింది. ఎదుగుదల కథకు ఇంతకంటే బరువైన సన్నివేశం ఏ రచయితకు కావాలి? తల్లి ఒక మాట, తండ్రి ఒక మాట, స్నేహితురాలు తరగతిలో, తాను గేటు బయట. మన ప్రముఖ నిర్మాతలలో ఒక్కరికైనా ఇది కథగా కనిపించలేదు.

మరొక ఉదాహరణ. ‘దంగల్’కు ఉత్తమ సహాయ నటిగా జాతీయ పురస్కారం పొంది, ఇన్సియాగా నటించి కోట్ల హృదయాలు గెలిచిన జైరా వసీం 2019 జూన్‌లో సినిమా రంగం విడిచిపెడుతున్నట్లు ప్రకటించింది. తన విశ్వాసంతో తనకున్న సంబంధమే అందుకు కారణమని చెప్పింది. అప్పటికి ఆమె మేజర్. ఇన్సియా సొంత నిర్ణయం తీసుకుంటే ధైర్యమన్న వారిలో ఎందరో, జైరా సొంత నిర్ణయం తీసుకుంటే ఎవరి ఒత్తిడో అన్నారు. ఆడపిల్ల నిర్ణయం ఇంటి నుంచి దూరంగా సాగితే స్వేచ్ఛ, ఇంటివైపు సాగితే బందిఖానా అన్నమాట! మనవాళ్లకూ ఒక మాట చెప్పాలి. జైరా నిర్ణయాన్ని ఆమె హక్కుగా మెచ్చుకున్నవారు, వేరొక అమ్మాయి వేరొక నిర్ణయం తీసుకున్నప్పుడు కూడా అదే నోటితో హక్కు అనగలగాలి. లేకుంటే మన తూకం రాళ్లు కూడా దొంగవే.

స్నేహితురాలిని ఉచ్చుగా మార్చినవారు

ఇంతవరకూ చెప్పింది మరపు, నిర్లక్ష్యం. ఇక బుద్ధిపూర్వకంగా చేసినది ఒకటి ఉంది. 2023లో వచ్చిన ‘ది కేరళ స్టోరీ’ కూడా పైకి కాలేజీ హాస్టల్ కథే. అందులో ముస్లిం సహాధ్యాయిని తోటి పిల్లలను ఉగ్రవాదానికి అప్పగించే ఉచ్చు. 32,000 మంది అమ్మాయిలు అలా మాయమయ్యారని ప్రచారం చేశారు. ఆ సంఖ్యకు ప్రామాణికమైన ఆధారం లేదని ప్రకటన జోడిస్తామని నిర్మాతలు చివరికి సుప్రీం కోర్టులో ఒప్పుకోవలసి వచ్చింది. అయినా 2025లో ప్రకటించిన జాతీయ పురస్కారాల్లో దానికి ఉత్తమ దర్శకత్వ పురస్కారం దక్కింది.

దాని దెబ్బ ఎవరికి తగులుతుందో ఆలోచించండి. మొదటిసారి ఊరు దాటి హాస్టల్‌లో చేరిన మన పిల్ల పక్క మంచం అమ్మాయికి టిఫిన్ డబ్బా తెరిచి పెడుతుంది. ఆ అమ్మాయి తల్లి ఆ సినిమా చూసి వచ్చి ఉంటే, ఆ డబ్బాను ఏ కళ్లతో చూస్తుంది? పిల్లలు ఎదిగేది స్నేహాలలో. ఆ స్నేహాల మీద అనుమానపు విత్తనం చల్లితే ఇద్దరు పిల్లల ఎదుగుదలా ఆగిపోతుంది.

“మీరే తీసుకోవచ్చుగా” అనేవారికి

కళాకారుడికి స్వేచ్ఛ ఉండాలని కొందరు అంటారు. ఉండాలి. నేను ఏ సినిమానూ నిషేధించమనడం లేదు. ముస్లిం పాత్రలన్నీ పుణ్యాత్ములుగా ఉండాలనీ కోరడం లేదు. ముందు మీ సమాజాన్ని సంస్కరించుకోండి అని మరికొందరు అంటారు. అదీ చేస్తున్నాం, చేయవలసింది ఇంకా ఉంది. కానీ మామూలు బాల్యం చూపించడానికి ఏ సమాజమైనా ముందుగా సత్ప్రవర్తన పత్రం తెచ్చుకోవాలా?

ఇలాంటి కథలు ఎవరు చూస్తారు, లాభసాటి కాదు అన్నది మూడో మాట. పక్కనే కేరళ దానికి జవాబు చెప్పింది. 2012లో వచ్చిన ‘ఉస్తాద్ హోటల్’లో ఫైజీ తండ్రితో తగవుపడి కోళికోడ్‌లో తాత కరీం నడిపే చిన్న హోటల్‌కు చేరతాడు. విదేశాల్లో నేర్చుకున్న వంట పక్కనబెట్టి తాత వంటింట్లో బిర్యానీతో పాటు మనుషుల ఆకలిని అర్థం చేసుకోవడం నేర్చుకుంటాడు. అతడు ఎదిగింది ఇల్లు వదిలి కాదు, తాత వంటింట్లోకి తిరిగి వచ్చి. ఆ చిత్రం ప్రజాదరణ పొందింది, జాతీయ పురస్కారాలూ తెచ్చుకుంది. 2018లో ‘సుడానీ ఫ్రమ్ నైజీరియా’ మలప్పురం ఫుట్‌బాల్ మైదానం చుట్టూ అచ్చమైన ముస్లిం ఇంటిని చూపించింది. అందులోని తల్లుల కోసం మలయాళీలు మతం చూడకుండా కన్నీరు పెట్టుకున్నారు.

దూరం వెళ్లగలిగితే ఇరాన్ చూడండి. 1997లో మజీద్ మజీదీ తీసిన ‘చిల్డ్రన్ ఆఫ్ హెవెన్’లో అలీ అనే పిల్లవాడు చెల్లెలి బూట్లు పోగొడతాడు. అన్నాచెల్లెళ్లు ఒకే జతను మార్చుకుంటూ బడికి పరుగెత్తుతారు. అందులో ఒక చిన్న సన్నివేశం ఉంది. మస్జిద్ కోసం తండ్రి ఇంట్లో చక్కెర గడ్డలు పగలగొడుతుంటాడు. తన టీలోకి మాత్రం అందులోంచి ఒక్క ముక్క తీసుకోడు. అది అమానత్. పిల్లలు పక్కనే ఉండి అది చూస్తారు. విశ్వాసం ఒక పేద ఇంట్లో పిల్లలకు ఎలా అందుతుందో చెప్పడానికి అంతకంటే ఉపన్యాసం అక్కరలేదు.

తెలుగులో ముడిసరుకు లేదా? పుష్కలంగా ఉంది. మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’లో నెల్లూరు సీమ ముస్లిం బాల్యమంతా నవ్వుతూ, తుళ్లుతూ ఉంది. స్కైబాబ సంపాదకత్వంలో వచ్చిన ‘వతన్’ కథా సంకలనంలో ఎన్ని ఇళ్లున్నాయో! షాజహానా ‘నఖాబ్’ పేరుతోనే కవితా సంపుటి తెచ్చి, ఆ ముసుగు గురించి లోపలి నుంచి మాట్లాడారు. సాహిత్యం ఎప్పుడో దాటిన గడప దగ్గర సినిమా ఇంకా చెప్పులు విప్పుతూ నిలబడి ఉంది.

మన వంతు

ఇక మన ఇంటి మాట. సినిమా హరామ్ అని ఒక్క ముక్కతో తలుపు వేసుకునే పెద్దలు ఉన్నారు. వారి నమ్మకాన్ని గౌరవిస్తాను. కానీ ప్రతి పిల్లవాడి చేతిలో ఫోను ఉన్న ఈ రోజుల్లో మూసిన తలుపు వెనుక ఏ కథ నడుస్తోందో తెలుసుకోకపోవడం పెంపకం అనిపించుకోదు. పిల్లలతో కలిసి చూడండి. చూశాక మాట్లాడండి. ఫారూఖ్ మన ఇంట్లో ఉన్నాడా అని ముందు మనల్ని మనం అడుగుదాం.

ఈ వ్యాసం చూపించి, సినిమాలు మన ఆడపిల్లలను చెడగొడుతున్నాయంటూ ఏ తండ్రయినా కూతురి కాలేజీ మాన్పిస్తే, ఆయన నేను విమర్శించిన చిత్రాలకే సాక్ష్యం చెప్పినవాడవుతాడు. విద్య ప్రతి ముస్లిం మీద విధి అన్న ప్రవక్త (స) బోధలో ఆడ, మగ తేడా లేదు.

బడి వయసు ముస్లిం పిల్లల్లో మదరసాలకు వెళ్లేవారు నూటికి 3 మందేనని సచార్ నివేదిక చెప్పింది. మిగిలిన పిల్లల్లో బడికి వెళ్లేవారంతా అందరు పిల్లలు కూర్చునే బల్లల మీదే కూర్చుంటున్నారు. తెలంగాణలో 2016 నుంచి మొదలై 204కు చేరిన మైనారిటీ గురుకులాల్లో వేలాది పిల్లలు చదువుతున్నారు. ఆ పిల్లలకు కథ రాయడం నేర్పండి. సంస్థల వార్షికోత్సవాల్లో శాలువాలకు పెట్టే ఖర్చులో సగం పెట్టి లఘుచిత్రాల పోటీ నిర్వహించండి. మన ధనవంతులు షాదీఖానాలు కట్టించారు, సంతోషం. ఒక్కరు ముందుకు వచ్చి ఒక్క మంచి తెలుగు సినిమాకు పెట్టుబడి పెట్టండి. నంది పురస్కారాల్లో జాతీయ సమైక్యతకు సరోజినీదేవి పేరిట ఒక పురస్కారం ఉండేది. సమైక్యత అంటే స్నేహితుడి కోసం చనిపోయే ముస్లింను చూపడమే కాదని, బతికి ఉండి పదో తరగతి పాసయ్యే ముస్లింను చూపడం కూడానని పురస్కారాలిచ్చే ప్రభుత్వాలకు వినతిపత్రాలు పంపుదాం.

తెలుగు దర్శకులకు నా విన్నపం చిన్నది. మీ తరువాతి కాలేజీ కథలో ఒక ఆటో డ్రైవర్‌ను పెట్టండి. తెల్లవారుజామున ఫజర్ నమాజు చదివి, కూతుర్ని పరీక్షా కేంద్రం దగ్గర దింపి, ఆమె లోపలికి వెళ్లేదాకా గేటు దగ్గరే నిలబడతాడు. ఆయన అక్కడ నిలబడడానికి దేశభక్తి పరీక్ష రాయనక్కరలేదు, కథ చివర చనిపోనక్కరలేదు. ఆ పిల్ల ఎదుగుతుంది, చదువుతుంది, తండ్రితో వాదిస్తుంది, సాయంత్రం ఇంటికి వస్తుంది. మా వీధి అమ్మాయి వచ్చే వేసవిలోనూ ఆ ప్రశ్నే అడుగుతుంది. ఆమెకు చెప్పడానికి ఒక్క సినిమా పేరు నాకు ఇవ్వండి.